వరుస

ఇకీటోస్‌కి రోడ్డు లేదు.
నది ఉంది, విమానం ఉంది,
రెండూ ఆగిపోయిన నెల ఒకటుంది.
ఆ నెల కాగితాలే ఇప్పుడు నా బల్ల మీద,
తడిసి, ఆరి, అప్పడాల్లా వంకర్లు పోయి.

నా పని చిన్నది.
ఒక్కో కేసుషీటూ విప్పి
నలభైమూడు గడులు నింపడం.
వయసు. ఆడో, మగో.
చక్కెర జబ్బుందా, రక్తపోటుందా,
చేర్చిన రోజు వేలికి తగిలించిన క్లిప్పు ఎంత చూపింది.
ఉంటే ఒకటి, లేకపోతే సున్నా.
చివరి గడిలోనూ అంతే:
పోతే ఒకటి.
మొదట్లో చెయ్యి తడబడేది,
బతికినవాడికి సున్నా వెయ్యాలంటే.

నూట పన్నెండో వరుస.
పేరు ఎక్కించకూడదు, అంకె చాలన్నారు.
కానీ ఎల్మెర్ తపుల్లిమా నాకెందుకు తెలియడు?
బెలెన్ సంతలో చేపలమ్మేవాడు.
తూచేటప్పుడు బొటనవేలు తక్కెడ మీద ఆనించేవాడు,
నేను చూస్తే నవ్వి తీసేవాడు.
అరవై ఒకటి. మగ. చక్కెర ఒకటి. రక్తపోటు ఒకటి.
క్లిప్పులో డెబ్భైనాలుగు.
తెల్లకణాలు అడుగంటాయి,
నెత్తురు గడ్డకట్టే లెక్క కొండెక్కింది.
ఏ గడి చూసినా
మూట సర్దుకుని కూర్చున్నట్టే ఉన్నాడు.

నూట పదమూడూ అలాగే.
అరవై. మగ. ఒకటి. ఒకటి. డెబ్భైమూడు.
చివర మాత్రం సున్నా.
అది మా అన్న అలామిరో.

లిమా నుంచి డాక్టర్ సొర్యానో ఫోన్ చేసింది.
"ఈ రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి,
ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించావా?"
లేదన్నాను.
"మరి తేడా ఎక్కడ?"
జింకు రేకుల మీద వాన.
వినబడనట్టు ఊరుకున్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ అయిపోయింది,
ఎవరి గాలి వాళ్ళే తెచ్చుకోండన్నారు.
గాలి నింపే షెడ్డు ముందు
ఖాళీ సిలిండర్ల మీద తలలు వాల్చి
రెండు వీధుల పొడవునా జనం.
ఎల్మెర్ కూతురు ఒర్ఫిత
నాకన్నా ముందు, నలుగురి అవతల.
సిలిండర్ మీద సుద్దతో తండ్రి పేరు రాసుకుంది.
వాన చెరిపింది.
మళ్ళీ రాసింది.

అర్ధరాత్రి దాటాక గేటు జానెడు తెరుచుకుంది.
లోపలివాడు విల్డెర్,
బడిలో నా వెనక బెంచీ.
టార్చి వేసి ముఖాలన్నీ వెతికి
నన్ను పేరు పెట్టి పిలిచాడు.

వరుసలో ముందున్నది ఆమె.
వరుస కలిసింది నాకు.

'మనవాళ్ళు' అన్న మాట ఎంత బరువో
ఆ రాత్రే తెలిసింది.
ఒక్కదాన్నీ ఎత్తలేక మోటార్ రిక్షా దగ్గర తూలుతుంటే
ఎవరో వచ్చి అడుగున చెయ్యి వేశారు.
ఒర్ఫిత.
"జాగ్రత్తక్కా, వేళ్ళు నలుగుతాయి" అంది.

నిన్న రాత్రి, గదిలో ఎవరూ లేనప్పుడు
నలభైనాలుగో గడి ఒకటి గీశాను.
పైన ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
'గేటు లోపల తెలిసినవాళ్ళున్నారా?'
నూట పదమూడు: ఒకటి.
నూట పన్నెండు: సున్నా.
మిగతా మూడువందల చిల్లరకి నా దగ్గర జవాబు లేదు.
తెల్లారేలోపు చెరిపేసి
అడిగిన నలభైమూడే పంపాను.

అచ్చయి వస్తుంది.
వయసు, చక్కెర, రక్తపోటు, క్లిప్పు అంకె.
అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు.

శనివారాలు అన్నకి చేపలు నేనే తెస్తాను.
తండ్రి కూర్చున్న పీట మీద ఇప్పుడు ఒర్ఫిత.
తక్కెడ పైకెత్తి, ముల్లు నిలిచేదాకా ఆగి,
పొల్లు పోకుండా తూస్తుంది.
ఒక్కసారైనా వేలు ఆనించదేం
అని చూస్తూ నిలబడతాను.